వోడ్కా కోసం చక్కెర ఊట: శుభ్రంగా పులియబెట్టడం ఎలా

చక్కెర, నీళ్లు, ఈస్ట్ ఉంటే వోడ్కా ఊట, అంటే కాచడానికి ముందు పులియబెట్టే ద్రవం, తయారైపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కలిపిన ఊట మూడో రోజుకో నాలుగో రోజుకో ఆగిపోతుంది. లేదంటే మూత తీయగానే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. తప్పు ఈస్ట్‌ది కాదు. చక్కెర ఈస్ట్‌కు శక్తినిస్తుంది, అంతే. కొత్త కణాలు పుట్టి పెరగాలంటే నత్రజని కావాలి, బి విటమిన్లు కావాలి, మెగ్నీషియం, జింక్ లాంటి ఖనిజాలు కావాలి. ద్రాక్షరసంలో, మొలకెత్తిన బార్లీ రసంలో ఇవన్నీ ముందే ఉంటాయి. శుద్ధి చేసిన తెల్ల చక్కెరలో మాత్రం దాదాపు ఏమీ ఉండవు. కాబట్టి ఇక్కడ మన పని చక్కెర కరిగించడం కంటే ఎక్కువగా ఈస్ట్‌ను పోషించడమే.

వోడ్కాకు ఇది మరీ ముఖ్యం. విస్కీకి పీపా వాసన ఉంటుంది, రమ్ముకు మొలాసిస్ రుచి ఉంటుంది. వోడ్కాకు అలాంటి రుచులేవీ ఉండకూడదు. ఊటలో పుట్టిన చెడు వాసన చివరిదాకా వెంట వస్తుంది. తర్వాత ఎన్నిసార్లు వడకట్టినా, బొగ్గులో పోసినా మొత్తం పోదు. నేను చెప్పే పద్ధతిలో తొందర ఉండదు, రికార్డు శాతాలూ ఉండవు. దాదాపు 11, 12 శాతం ఆల్కహాల్ ఉన్న 20 లీటర్ల శుభ్రమైన ఊట మన లక్ష్యం.

చట్టం సంగతి ముందే చూసుకోండి

పులియబెట్టడం, పులిసిన దాన్ని కాచి ఆల్కహాల్ దించడం చట్టం దృష్టిలో రెండు వేరు పనులు. ఇంట్లో వైన్, బీరు పులియబెట్టుకోవడానికి అనుమతించే దేశాలు చాలానే ఉన్నాయి. కాచి దించడానికి, అంటే డిస్టిలేషన్‌కు, లైసెన్స్ లేకుండా అనుమతించే దేశాలు చాలా తక్కువ. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంతానికి చేసుకోవచ్చు. ఫిన్లాండ్‌లో చక్కెర ఊటను కిల్యు అంటారు, కాచకుండానే తాగుతారు. అక్కడ 2018 దాకా దాన్ని ఇంట్లో చేయడమే నిషేధం. కొన్ని చోట్ల పులిసిన ఊట ఇంట్లో దొరికితే చాలు, కేసు పెడతారు. మీరున్న చోట నియమం ఏమిటో తెలియకపోతే బకెట్ కడగకముందే తెలుసుకోండి. ఈ వ్యాసం ఊట తేటపడేవరకే. కాచడం లైసెన్స్ ఉన్నవాళ్లు, సరైన పరికరాలతో చేయాల్సిన పని. ఆల్కహాల్ ఆవిరికి నిప్పంటుకోవడానికి క్షణం పట్టదు.

ఏమేమి కావాలి

20 లీటర్ల ఊటకు:

తెల్ల చక్కెర 4 కిలోలు.
నీళ్లు సుమారు 17.5 లీటర్లు. 4 కిలోల చక్కెర కరిగాక రెండున్నర లీటర్ల చోటు తీసుకుంటుంది, అందుకే 20 లీటర్ల నీళ్లు పోయకూడదు.
ఈస్ట్: బేకరీలో వాడే ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ అయితే 60 గ్రాములు, ఈసీ-1118 లాంటి వైన్ ఈస్ట్ అయితే 10 గ్రాములు.
డీఏపీ, అంటే డై అమ్మోనియం ఫాస్ఫేట్, 20 గ్రాములు. ఆహారానికి వాడే రకమే తీసుకోవాలి.
పోషకంగా ఉడికించడానికి విడిగా మరో రెండు టేబుల్ స్పూన్ల బేకరీ ఈస్ట్.
ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) పావు టీస్పూను.
నిమ్మ ఉప్పు కొద్దిగా.
శుభ్రంగా కడిగి, ఉడికించి, ఆరబెట్టి, ముక్కలు చేసిన గుడ్డు పెంకులు ఒక గుప్పెడు, అవి వేయడానికి చిన్న వల సంచి.

సామాన్లలో 25 నుంచి 30 లీటర్లు పట్టే ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, గట్టిగా పట్టే మూత, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి పోనిచ్చి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న అమరిక), హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత చూపే పరికరం, చక్కెర తగ్గేకొద్దీ దాని రీడింగ్ దిగుతుంది), దాన్ని ముంచి చూడడానికి పొడవాటి గాజు గొట్టం, థర్మామీటర్, పులుపు కొలిచే పీహెచ్ పేపర్లు (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), ఊట తోడడానికి సైఫన్ గొట్టం కావాలి. వీటిలో హైడ్రోమీటర్ విషయంలో మాత్రం సర్దుకోవద్దు. అది లేకపోతే ఊట అయిపోయిందో ఆగిపోయిందో చెప్పలేం. బుడగలు రావడం లేదంటే పని పూర్తయినట్టు కాదు. మూత సరిగా పట్టకపోయినా గ్యాస్ పక్కనుంచి పోతుంది, ఎయిర్‌లాక్‌లో బుడగలు కనిపించవు.

యూరియా వాడవద్దు. చవగ్గా దొరుకుతుందని, అందులోనూ నత్రజని ఉందని కొందరు పొలానికి వేసే యూరియా కలుపుతారు. యూరియా, ఆల్కహాల్ కలిసినప్పుడు ఇథైల్ కార్బమేట్ అనే పదార్థం తయారవుతుంది. అది క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదని గుర్తించిన పదార్థం, వేడి తగిలితే ఇంకా ఎక్కువ తయారవుతుంది. పొలానికి వాడే డీఏపీ కూడా వద్దు. పైరుకు వేసే ఎరువును మనుషులు తాగేదాని ప్రమాణంలో శుద్ధి చేయరు, అందులో లోహాలు ఉండవచ్చు.

చక్కెర ఎంత వేయాలి

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటే. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ ఇస్తుంది. 20 లీటర్లలో 4 కిలోలంటే లీటరుకు 200 గ్రాములు. 200ను 17తో భాగిస్తే 12కు కాస్త తక్కువ వస్తుంది. హైడ్రోమీటర్‌లో మొదటి రీడింగ్ 1.077 దగ్గర ఉంటుంది.

ఇక్కడే అందరికీ ఆశ పుడుతుంది. ఇంకో రెండు కిలోలు వేస్తే అదే బకెట్‌లో ఎక్కువ వస్తుంది కదా అనిపిస్తుంది. వేయకండి. చక్కెర చిక్కగా ఉన్న నీళ్లు ఈస్ట్ కణం లోపలి నీటిని బయటికి లాగేస్తాయి, కణం మొదటి గంట నుంచే అవస్థ పడుతుంది. చివర్లో ఆల్కహాల్ 14, 15 శాతం దాటేసరికి బేకరీ ఈస్ట్ చచ్చిపోతుంది, తినని చక్కెర మిగిలిపోతుంది. బతికున్న కణాలు కూడా అవస్థలో ఉన్నప్పుడు ఎసిటిక్ యాసిడ్, ఫ్యూసెల్ ఆల్కహాల్స్ (ఘాటైన, బరువైన ఆల్కహాల్స్) లాంటివి ఎక్కువగా వదులుతాయి. గొంతులో గరగర, మర్నాడు తలనొప్పి గురించి అడిగితే చాలామంది తయారీదారులు ముందు వేలు చూపించేది వీటివైపే. కొద్ది రోజుల్లోనే 18 శాతం అని అట్ట మీద రాసి అమ్మే టర్బో ఈస్ట్‌లను నేను వోడ్కాకు సిఫారసు చేయను. అవి పనిచేస్తాయి, కానీ ఆ వేగానికి, ఆ శాతానికి మూల్యం వాసనలో కనిపిస్తుంది.

చక్కెర తెల్లదే మేలు. ముడి చక్కెరలో ఖనిజాలు కాసిని ఎక్కువుంటాయి, ఈస్ట్‌కు మంచిదే, కానీ దాని రుచి కూడా వస్తుంది. డెక్స్‌ట్రోజ్ పొడి వాడితే దాదాపు 15 శాతం ఎక్కువ తూకం వేయాలి, అందులో నీరు కలిసి ఉంటుంది కాబట్టి.

ముందురోజు: నీళ్లు, బకెట్

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే రాత్రంతా మూత లేకుండా ఉంచితే పోతుంది, మరిగించినా పోతుంది. కొన్ని చోట్ల క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతారు. అది అలా ఉంచితే పోదు. పొటాషియం మెటాబైసల్ఫైట్ చిటికెడు వేస్తే నిమిషాల్లో విరిగిపోతుంది. ఆర్‌వో నీళ్లు, డిస్టిల్డ్ నీళ్లు శుభ్రంగా ఉంటాయి కానీ అందులో ఖనిజాలు ఉండవు. అవే వాడాల్సి వస్తే ఎప్సమ్ సాల్ట్, పెంకులు తప్పనిసరి. మామూలు తాగే నీళ్లు, కాస్త గట్టి నీళ్లయినా, వీటికంటే బాగా పనిచేస్తాయి.

బకెట్, మూత, గొట్టం, గరిటె అన్నీ సబ్బుతో కడిగి, సబ్బు వాసన లేకుండా బాగా నీళ్లతో తొలిచి, తర్వాత శానిటైజర్ (పాత్రల్లోని క్రిములను చంపే ద్రావణం) పట్టించాలి. కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. మురికి మీద శానిటైజర్ పోస్తే పనిచేయదు. బ్లీచ్ వాడితే రెండు మూడుసార్లు మంచినీళ్లతో తొలవాలి. బకెట్ లోపల పీచుతో రుద్దకండి, గీతలు పడితే వాటిలో క్రిములు దాక్కుంటాయి.

కలపడం

నాలుగైదు లీటర్ల నీళ్లు వేడి చేసి, స్టవ్ ఆపేసి, చక్కెర మొత్తం పోసి కలపండి. స్టవ్ వెలుగుతుండగా చక్కెర పోస్తే అడుగున మాడుతుంది. మాడిన చక్కెర రంగు, వాసన మనకొద్దు.

చక్కెరను నిమ్మ ఉప్పుతో గంటసేపు మరిగించి విడగొట్టాలని చాలా చోట్ల చెప్తారు. సుక్రోజ్ అణువును గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడదీసే ఎంజైమ్ ఈస్ట్ దగ్గరే ఉంది. దాని పేరు ఇన్వర్టేజ్. ఈస్ట్ ఆ పని సునాయాసంగా చేసుకుంటుంది. యాసిడ్ వేసి ఎక్కువసేపు మరిగిస్తే ఈస్ట్‌ను అడ్డుకునే పదార్థాలు కొన్ని పుడతాయి కూడా. ఆ గంట, ఆ గ్యాస్ మిగుల్చుకోండి.

మరో చిన్న గిన్నెలో ఒక కప్పు నీళ్లు పోసి, పోషకం కోసం పక్కన పెట్టిన రెండు టేబుల్ స్పూన్ల ఈస్ట్ వేసి పది నిమిషాలు ఉడికించండి. పొంగుతుంది, పక్కనే ఉండండి. ఈ ఈస్ట్ చచ్చిపోతుంది, మనకు కావాల్సింది అదే. పగిలిన కణాల్లోని విటమిన్లు, అమైనో ఆమ్లాలు, కణం పొరల్లోని కొవ్వులు బతికున్న ఈస్ట్‌కు తిండి అవుతాయి. డీఏపీ నత్రజని, ఫాస్ఫేట్ ఇస్తుంది, విటమిన్లు ఇవ్వదు. ఈ ఉడికించిన ఈస్ట్ ఆ లోటు తీరుస్తుంది. టమాటా పేస్టు వేసేవాళ్లు కూడా ఉన్నారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే ఊట ఎర్రగా, బురదగా తయారై తేటపడడానికి సమయం తీసుకుంటుంది.

బకెట్‌లో చక్కెర పాకం, ఉడికించిన ఈస్ట్, ఎప్సమ్ సాల్ట్ వేసి, మిగిలిన చల్లని నీళ్లు పోసి 20 లీటర్ల గీత దాకా తీసుకురండి. వేడి 30 డిగ్రీలకు దిగాలి.

ఇప్పుడు గాలి ఎక్కించాలి. పులియడం గాలి లేకుండా జరిగే పనే, కానీ మొదట్లో ఈస్ట్ తన కణం పొరలను గట్టిపరచుకోవడానికి ఆక్సిజన్ కావాలి. మరిగించిన నీళ్లలో ఆక్సిజన్ ఉండదు. ఒక బకెట్‌లోంచి ఇంకో బకెట్‌లోకి ఎత్తు నుంచి ఏడెనిమిదిసార్లు పోయండి, లేదా శుభ్రమైన విస్క్‌తో ఐదు నిమిషాలు గట్టిగా చిలకండి. ఈస్ట్ వేసిన తర్వాత ఒకటి రెండు గంటల దాకా మళ్లీ చిలికినా ఫర్వాలేదు. ఊట జోరందుకున్నాక మాత్రం గాలి తగలనివ్వకూడదు.

హైడ్రోమీటర్ రీడింగ్ తీసి, తేదీతో సహా రాసి పెట్టుకోండి. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా చూపేలా తయారవుతాయి. ఊట 30 డిగ్రీలు ఉంటే రీడింగ్ రెండు మూడు పాయింట్లు (ఒక పాయింట్ అంటే 0.001) తక్కువ కనిపిస్తుంది, కంగారు పడవద్దు.

పీహెచ్ పేపర్ ముంచి చూడండి. 5 దగ్గర ఉండాలి. 6, 7 చూపిస్తే నిమ్మ ఉప్పు పావు టీస్పూను వేసి, కలిపి, మళ్లీ చూడండి. ఒకేసారి ఎక్కువ వేయకండి. చక్కెర నీళ్లలో పీహెచ్‌ను నిలబెట్టే పదార్థాలేవీ ఉండవు, కొంచెం వేసినా పెద్ద మార్పు వస్తుంది.

పెంకుల సంచి ఇప్పుడే వేసేయండి. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బనేటే. ఊట పుల్లబడే కొద్దీ అది కరుగుతూ పులుపును విరుస్తుంది. పులుపు లేనప్పుడు మెదలకుండా ఉంటుంది. ఇంత తెలివైన మందు ఇంకోటి లేదు. పెంకులు దొరక్కపోతే ఆహారానికి వాడే సుద్దపొడి 10 గ్రాములు పక్కన పెట్టుకుని, పీహెచ్ తగ్గినప్పుడు కొద్దికొద్దిగా వేయవచ్చు. బేకింగ్ సోడా కూడా పులుపు విరుస్తుంది కానీ సోడియం ఎక్కువైతే ఈస్ట్‌కు ఇబ్బంది, అది చివరి ప్రయత్నంగానే ఉంచండి.

ఈస్ట్‌ను లేపడం

ఎండు ఈస్ట్‌ను నేరుగా చక్కెర నీళ్లలో చల్లినా పులుస్తుంది. కానీ ఎండిన కణం మొదటిసారి నీళ్లు పీల్చుకునేటప్పుడు దాని పొరకు ఏది లోపలికి రానివ్వాలో ఏది ఆపాలో తెలియని స్థితి ఉంటుంది. ఆ సమయంలో చుట్టూ చిక్కటి చక్కెర ఉంటే చాలా కణాలు చచ్చిపోతాయి. అందుకే ఈస్ట్ తూకానికి పది రెట్లు, అంటే 60 గ్రాములకు 600 మిల్లీలీటర్లు, 35 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని మామూలు నీళ్లు తీసుకుని, పైన ఈస్ట్ చల్లి పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత మెల్లగా కలపండి. మీగడలా తయారవుతుంది.

ఇది 37 డిగ్రీల దగ్గర, ఊట 25 దగ్గర ఉంటే ఒక్కసారి పోసేయకండి. పది డిగ్రీలకు మించి తేడా ఉంటే ఈస్ట్ అదిరిపోతుంది. ఊటలోంచి ఒక గరిటెడు తీసి ఈస్ట్ గిన్నెలో కలిపి, ఐదు నిమిషాలాగి, మరో గరిటెడు కలిపి, అప్పుడు బకెట్‌లో పోయండి. మూత పెట్టి, ఎయిర్‌లాక్‌లో నీళ్లు పోసి బిగించండి.

ఎక్కడ పెట్టాలి

ఎండ తగలని చోట, 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండే గది మంచిది. ఊట తనంతట తాను వేడి పుట్టిస్తుంది. జోరుగా ఉన్నప్పుడు లోపలి వేడి గది వేడికంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండవచ్చు, అందుకే గదిని కాదు, బకెట్‌ను కొలవండి. 33, 34 దాటుతుంటే బకెట్‌ను చల్లని నీళ్ల తొట్టిలో పెట్టండి, లేదా తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ పెట్టండి. ఎక్కువ వేడిలో త్వరగా అయిపోతుంది, ఘాటైన వాసనలూ అంతే త్వరగా పుడతాయి. 18 కంటే తగ్గితే బేకరీ ఈస్ట్ బద్ధకిస్తుంది, చుట్టూ దుప్పటి చుట్టండి.

గాలి ఆడడం గురించి ఒక హెచ్చరిక. చక్కెరలో సగం తూకం ఆల్కహాల్‌గా, దాదాపు సగం కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. 4 కిలోల చక్కెర నుంచి 2 కిలోల గ్యాస్, అంటే వెయ్యి లీటర్లు పైనే వస్తుంది. అది గాలికంటే బరువు, కిందనే పేరుకుంటుంది. కిటికీ లేని చిన్న గదిలో, నేలమాళిగలో, పిల్లలో పెంపుడు జంతువులో కింద పడుకునే గదిలో ఊట పెట్టవద్దు. ఇదే కారణంగా బకెట్‌ను గాలి పోకుండా సీల్ చేయకూడదు. ఎయిర్‌లాక్ లేకపోతే మూతను వదులుగా ఉంచండి, పగిలిపోవడం కంటే అది నయం.

డీఏపీ ఎప్పుడు వేయాలి

మొదట్లోనే మొత్తం వేయకండి. 20 గ్రాములను రెండు భాగాలు చేయండి. మొదటి 10 గ్రాములు ఈస్ట్ వేసిన 12 నుంచి 24 గంటల మధ్య, ఊట బాగా పొంగుతున్నప్పుడు వేయాలి. రెండోది మూడోవంతు చక్కెర అయిపోయాక, అంటే హైడ్రోమీటర్ 1.050 దగ్గరకు వచ్చినప్పుడు వేయాలి. అంతకంటే ఆలస్యం చేయవద్దు. ఆల్కహాల్ 9 శాతం దాటాక ఈస్ట్ అమ్మోనియంను లోపలికి తీసుకోలేదు, వేసింది వేసినట్టే మిగిలిపోతుంది.

పొడిని నేరుగా ఊటలో చల్లితే లోపల కరిగి ఉన్న గ్యాస్ అంతా ఒక్కసారి తన్నుకొచ్చి బకెట్ అంచు దాటి నేలంతా పారుతుంది. ముందు అరకప్పు నీళ్లలో కరిగించండి. తర్వాత శుభ్రమైన గరిటెతో ఊటను మెల్లగా తిప్పి గ్యాస్ కొంత పోనివ్వండి. ఆ తర్వాత కరిగించిన డీఏపీని సన్నని ధారగా పోయండి.

ఈస్ట్ అమ్మోనియం తీసుకున్నప్పుడల్లా ఊటలోకి ఆమ్లం వదులుతుంది. అందుకే డీఏపీ వేసిన మర్నాడు పీహెచ్ తప్పకుండా చూడాలి. 3.5 పైన ఉంటే సరే. 3 దగ్గరకు పడిపోతే ఊట ఆగిపోతుంది. చక్కెర ఊటలు మధ్యలో ఆగిపోవడానికి అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది ఈ పులుపునే, ఈస్ట్ నాణ్యతను కాదు.

రోజూ ఏం చూడాలి

మొదటి బుడగలు ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతాయి. రెండో రోజుకు ఊట తెల్లగా, పాలలా కనిపిస్తుంది, చెవి దగ్గర పెడితే సన్నగా సోడా చప్పుడు వినిపిస్తుంది. బ్రెడ్డు వాసన వస్తుంది. అన్నీ బాగున్నప్పుడు రీడింగ్ రోజుకు 10 నుంచి 20 పాయింట్లు దిగుతుంది. చివరి పది పాయింట్లు మాత్రం నెమ్మదిగా దిగుతాయి. బేకరీ ఈస్ట్‌తో మొత్తం వారం నుంచి పది రోజులు అనుకోండి.

కుళ్లిన గుడ్ల వాసన వస్తే నత్రజని తక్కువైందని అర్థం. 1.050 కంటే పైన ఉంటే రెండో భాగం డీఏపీ అప్పుడే వేయండి. వాసన సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. నెయిల్ పాలిష్ వాసన వస్తే వేడి ఎక్కువైంది, చల్లబరచండి. వెనిగర్ వాసన వస్తే గాలి చేరింది, బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను ఎసిటిక్ యాసిడ్‌గా మారుస్తోంది. దాన్ని వెనక్కి తీసుకురాలేం.

రీడింగ్ రెండు రోజులపాటు 1.000 పైన కదలకుండా నిలబడితే ఊట ఆగిపోయినట్టే. అప్పుడు కొత్త ఈస్ట్ ప్యాకెట్ వెతుక్కోకండి. ముందు పీహెచ్ చూడండి, తక్కువుంటే సుద్దపొడి టీస్పూనులో సగం చొప్పున వేస్తూ 4కు తీసుకురండి. తర్వాత వేడి చూడండి, 27 డిగ్రీలకు పెంచండి. శుభ్రమైన గరిటెతో అడుగున పడుకున్న ఈస్ట్‌ను లేపండి. చాలాసార్లు ఇంతే చాలు. రెండు రోజులు చూసినా కదలకపోతే అప్పుడు ఈసీ-1118 లాంటి ఎక్కువ ఆల్కహాల్ తట్టుకునే ఈస్ట్‌ను గోరువెచ్చని నీళ్లలో లేపి, ఆగిపోయిన ఊటను దానికి గంటకింత చొప్పున అలవాటు చేసి కలపండి. పొడిగా చల్లితే ఆ ఆల్కహాల్‌లో అది లేవదు.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది

రీడింగ్ 0.990 దగ్గరకు దిగి, రెండు మూడు రోజులు అక్కడే ఉంటే పూర్తయినట్టు. నీళ్ల రీడింగ్ 1.000 కదా, అంతకంటే ఎలా దిగుతుందని అనుమానం రావచ్చు. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక, అందుకే దిగుతుంది. మొదటి రీడింగ్‌లోంచి చివరిది తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. 1.077లోంచి 0.990 తీస్తే 0.087, దాన్ని గుణిస్తే 11.4. రిఫ్రాక్టోమీటర్‌ను (కాంతి వంగే తీరునుబట్టి చక్కెర కొలిచే పరికరాన్ని) నమ్మకండి, ఆల్కహాల్ చేరాక అది చూపే అంకె నేరుగా పనికిరాదు.

నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే తీపి ఏమాత్రం తగలకూడదు. కాస్త పుల్లగా, పొడిగా ఉంటుంది.

మిథనాల్ గురించి అందరికీ టెన్షన్ ఉంటుంది, అది సహజమే. మిథనాల్ ప్రధానంగా పండ్లలోని పెక్టిన్ విరిగినప్పుడు వస్తుంది. తెల్ల చక్కెరలో పెక్టిన్ లేదు, కాబట్టి ఈ ఊటలో మిథనాల్ చెప్పుకోదగినంత పుట్టదు. కల్తీ మద్యం తాగి మనుషులు చనిపోయే ఘటనల్లో ఎక్కువగా ఎవరో పారిశ్రామిక మిథనాల్ కలిపి ఉంటారు. అందుకే ఘాటు కోసమనో, ఎక్కువ అవుతుందనో బయటి నుంచి ఏ స్పిరిట్టూ ఇందులో కలపవద్దు.

తేటపరచడం

పూర్తయిన ఊటను గరిటెతో పది నిమిషాలు మెల్లగా తిప్పి లోపలి గ్యాస్ పోనివ్వండి. గ్యాస్ ఉన్నంతసేపూ ఈస్ట్ బుడగలకు అంటుకుని పైకి తేలుతూనే ఉంటుంది. తర్వాత బకెట్‌ను వీలైనంత చల్లని చోటికి మార్చి ఐదారు రోజులు కదపకుండా ఉంచండి. తొందరగా కావాలంటే 20 గ్రాముల బెంటోనైట్ మట్టిని ముందుగా వేడినీళ్లలో వేసి కొన్ని గంటలు నాననిచ్చి, జావలా అయ్యాక ఊటలో కలపండి. ఒకట్రెండు రోజుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది.

ఈ పని ఎందుకంటే, ఈస్ట్ ఉన్న ఊటను వేడి చేస్తే కణాలు అడుగున మాడతాయి, గంధకం, ఉడికిన మాంసం లాంటి వాసనలు వదులుతాయి. వారం రోజులు జాగ్రత్తగా పులియబెట్టి చివరి కొన్ని రోజులు ఓపిక పట్టకపోవడం అన్యాయం.

తేటపడ్డాక బకెట్‌ను ఎత్తైన చోట పెట్టండి. అయితే ముందురోజే పెట్టండి, ఆ రోజు కదిపితే మడ్డి మళ్లీ లేస్తుంది. సైఫన్ గొట్టం కొనను మడ్డికి రెండు అంగుళాల పైన ఉంచి, ఇంకో కొన ఖాళీ పాత్ర అడుగును తాకేలా పెట్టి తోడండి. పైనుంచి చిమ్మితే గాలి కలుస్తుంది. నోటితో లాగకుండా గొట్టం నిండా నీళ్లు పోసి మొదలుపెట్టండి. అడుగున మిగిలిన లీటరో లీటరున్నరో తోడాలని ఆశపడవద్దు.

తేట ఊటను పాత్ర అంచుదాకా నింపి, ఎయిర్‌లాక్ పెట్టి, చల్లని చోట ఉంచితే కొన్ని వారాలు చెడదు. సగం ఖాళీగా ఉన్న పాత్రలో అయితే పైన గాలి ఉంటుంది కాబట్టి పుల్లబడడం మొదలవుతుంది, వెంటనే చిన్న పాత్రలోకి మార్చండి.

అడుగున మిగిలిన ఈస్ట్‌ను తర్వాతి ఊటకు నేరుగా వాడకండి. పన్నెండు శాతం ఆల్కహాల్‌లో, పోషకాలు అంతంతమాత్రంగా ఉన్న చోట గడిపిన కణాలు అలసిపోయి ఉంటాయి. దాన్ని పారబోయకుండా గిన్నెలో పోసి, కాసిని నీళ్లు కలిపి, పది నిమిషాలు ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి. బెంటోనైట్ కలపని మడ్డి అయితేనే ఇది చేయండి. వారంలోగా ఇంకో ఊట పెట్టేట్టయితే, పోషకం కోసం విడిగా ఈస్ట్ కొని ఉడికించాల్సిన పని ఉండదు.